పోలిగాడి కేసు నకలు

ఏసుపాదాన్ని పట్టుకుపోయిన పూట మేడిలంక మాలపల్లెలో ఒక్క మగవాడూ గుమ్మం దాటలేదు. తర్వాత ఎవరూ గొప్పలు పోకుండా ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. కానిస్టేబుళ్ళ వెనకాల నడిచింది ఇద్దరు ఆడవాళ్ళే. ఒకరు పెళ్ళాం సంపూర్ణమ్మ, ఇంకొకరు తల్లి వీరమ్మ.

"ఏం చేశాడండీ మా ఆయన?" అని సంపూర్ణమ్మ అడిగింది.

"ఏం చేశాడని కాదే. ఏం చేస్తాడోనని," అన్నాడు కానిస్టేబులు. తన మాటకు తనే నవ్వుకున్నాడు.

నవ్వితే నవ్వాడు గాని అతను చెప్పింది నిజం. తెల్లవాళ్ళ చట్టంలో అలాంటిదొకటి ఉంది. మనిషి కొత్తగా ఏ తప్పూ చేయనక్కర్లేదు. వీడు పాత దొంగ, వీడంటే ఊరికి భయం అని గ్రామ మునసబు రాస్తే చాలు. మేజిస్ట్రేటు వాణ్ణి రప్పించి, ఇకమీద మంచిగా నడుచుకుంటాడని ఎవరి చేతనైనా జామీను ఇప్పించమంటాడు. జామీను ఉండేవాడికి భూమి ఉండాలి. భూమి ఉన్నవాడెవడు మాలవాడికి జామీను ఉంటాడు? ఉండడు. అప్పుడు ఏడాది పాటు రాజమండ్రి జైల్లో రాళ్ళు కొట్టాలి.

మునసబుకు అసలు కోపం దేనికంటే, ఆ వారంలో దొర ఒకడు కాలువ గట్టు చూడ్డానికి వచ్చాడు. దొర డేరాలు, పెట్టెలు, కుర్చీలు తర్వాతి మకాం దాకా మొయ్యడానికి మాలపల్లె మొత్తం రావాలని మునసబు పల్లంరాజు గారు కబురు పెట్టాడు. కూలి ఉండదు. అది వెట్టి. తాతల నాటి నుంచి మోస్తున్నారు గనక మొయ్యాలి. ఏసుపాదం చావడి ముందుకు వెళ్ళి, "కూలి ఇస్తే మోస్తామండి, లేకపోతే మొయ్యమండి," అన్నాడు. అండీ అనే అన్నాడు. అయినా తప్పే.

పల్లంరాజు గారు అతన్ని తిట్టలేదు, కొట్టించలేదు. ఇంటికి వెళ్ళి కాగితం తీసుకుని, 'ఇతడు లోగడ ధాన్యం దొంగతనంలో శిక్ష పడినవాడు, ఊరివాళ్ళను రెచ్చగొడుతున్నాడు' అని తాలూకా కచేరీకి రాసి పంపాడు. అంతే.

ఏసుపాదాన్ని కచేరీ వెనక ఉన్న సబ్జైల్లో పెట్టారు. వచ్చే నెల మొదట్లో విచారణ అన్నారు.

ఇంటికి వచ్చాక సంపూర్ణమ్మ అత్తని నిలేసింది. "దొంగతనమేంటి అత్తా? శిక్షేంటి? నాకెప్పుడూ చెప్పలేదేం?"

వీరమ్మ పొయ్యి ముందు కూచుంది గాని పొయ్యి వెలిగించలేదు. "నువ్వు కాపరానికి రాకముందు సంగతి. పల్లంరాజు గారి కళ్ళంలో వరిపనలు పోయాయి. వీణ్ణి పట్టుకున్నారు. కచేరీకి తీసుకెళ్ళారు. శిక్ష పడింది."

"ఏం శిక్ష?"

"బొండ."

బొండ అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. రెండు దుంగలు ఒకదాని మీద ఒకటి. మధ్యలో కాళ్ళు పట్టే బెజ్జాలు. కాళ్ళు పెట్టి పై దుంగ దించి చీల బిగిస్తే, మనిషి నేలమీద వెల్లకిలా పడి ఉండాలి. చావడి ముందు, పదిమంది నడిచే దారిలో. గ్రామ మునసబుకు చిల్లర దొంగతనాలకు ఆ శిక్ష వేసే అధికారం ఉంది. అదీ తక్కువ కులాల వాళ్ళకు మాత్రమే. పై కులం కాళ్ళకు ఆ బెజ్జాలు తగవని సర్కారే రూలు రాసి పెట్టింది. నేను కల్పించి చెప్పడం లేదు.

"నా కళ్ళతో చూశానే అమ్మాయ్," అంది వీరమ్మ. "కచేరీ నుంచి తీసుకొచ్చి నేరుగా బొండలో వేశారు. పొద్దు గూకేదాకా పడున్నాడు. ఊళ్ళో పిల్లలు మట్టి పోశారు మీద. ఇంకేం కావాలి?"

"కచేరీలో ఏం రాశారో చూశారా ఎవరైనా?"

"మనకి రాతలెందుకే? కాళ్ళకు కొయ్య పడ్డాక రాతలెందుకు?"

సంపూర్ణమ్మ ఏటి అవతలి పల్లెలో పుట్టింది. పుట్టుకతోనే క్రైస్తవురాలు. మిషను బడిలో తెలుగు చదవడం నేర్చింది, కుట్టుపని నేర్చింది, నోరు మూసుకోవడం మాత్రం నేర్వలేదు. ఆ సాయంత్రమే అబ్రహాము పంతులు దగ్గరకు పోయింది. ఆయన పల్లెలో బడీ గుడీ రెండూ చూసుకునేవాడు.

"ఓపిక పట్టమ్మా," అన్నాడు పంతులు. "మిషను దొరగారు ఎండలకు కొండల మీదికి వెళ్ళారు. వానలు పడగానే దిగుతారు. ఆయన చేత ఒక ఉత్తరం రాయిద్దాం. ఈలోగా ప్రార్థన చేద్దాం."

"దొరగారు దిగేలోపల ఈయన రాజమండ్రి ఎక్కుతాడండి. ప్రార్థన మీరు చెయ్యండి. నాకు ఒక్క సంగతి చెప్పండి. కచేరీలో పాత కేసులు ఉంచుతారా, తగలబెడతారా?"

"ఉంచుతారు. కట్టలు కట్టి ఉంచుతారు. స్టాంపు కాగితం మీద అర్జీ పెట్టి, కర్చు కట్టుకుంటే నకలు రాసిస్తారు. అయినా శిక్ష పడ్డ కాగితం తెచ్చుకుని ఏం చేస్తావమ్మా? మన పరువు మనమే..."

"ఏముందో చూస్తానండి."

"ఏముంటుంది? శిక్షే ఉంటుంది."

"ఉంటే ఉన్నట్టు చూస్తాను."

కాలువలు కట్టేసిన రోజులు. పడవలు బురదలో ఒరిగి ఉన్నాయి. సంపూర్ణమ్మ గట్టెంట నడిచి కచేరీకి పోయింది. కచేరీ గేటు పక్క తాటాకు పందిరి కింద బుల్లియ్య అని ఒక అర్జీలు రాసేవాడు ఉండేవాడు. లోపలి గుమాస్తాలకు తమలపాకులూ, బయటి జనానికి వెటకారాలూ పంచడం అతని పని. ఇంగ్లీషు చదివేవాడు, రాసేవాడు. ఎవరి పక్షమూ కాడు. అతని చేత అర్జీ రాయించింది: ఫలానా ఊరి ఏసుపాదం మీద లోగడ జరిగిన దొంగతనం కేసు తీర్పు నకలు కావాలని.

రికార్డుల గుమాస్తా పేరు గున్నేశ్వరరావు. వసారాలో బల్ల వేసుకుని కూచుంటాడు. సంపూర్ణమ్మ వసారా ఎక్కకూడదు. మెట్ల కింద నుంచుని, అర్జీ పై మెట్టు మీద పెట్టి వెనక్కి తగ్గాలి. బంట్రోతు దాన్ని కర్రతో దగ్గరికి లాగి బల్ల మీద పెడతాడు. ఆమె ముట్టిన కాగితం కర్రకు అంటదు, కర్ర బంట్రోతుకు అంటదు, బంట్రోతు బల్లకు అంటడు. ఈ లెక్క ఎవరు కట్టారో నాకు తెలియదు.

రెండు పూటలు కూచోబెట్టి గున్నేశ్వరరావు చెప్పాడు. "ఏసుపాదం అన్న పేరున ఈ కచేరీలో ఏ కేసూ లేదు. పో."

"లేదా?"

"లేదు."

"అయితే లేదని రాసివ్వండి బాబూ."

గున్నేశ్వరరావు అప్పుడు తల ఎత్తాడు. "ఏంటి?"

"మా ఆయన మీద కేసు లేదని రాసివ్వండి. మేజిస్ట్రేటు గారికి చూపించుకుంటాను."

"లేనిది రాయడం మా పని కాదు. ఉన్నది రాయడమే మా పని. పోవే!"

గేటు బయట బుల్లియ్య నవ్వాడు. "కేసు ఎప్పటిది అమ్మీ? మీవాళ్ళు మతంలో కలవకముందా, కలిశాకా?"

"ముందు."

"మరి అప్పుడు ఏసుపాదం ఎక్కడున్నాడు? అప్పటి పేరు వేరే ఉంటుంది కదా. అదేంటి?"

సంపూర్ణమ్మకు నిజంగా తెలియదు.

"ఆయ్! మొగుడి పేరు చెప్పడానికి సిగ్గుపడే ఆడవాళ్ళను చూశాను గాని, తెలియని దాన్ని నిన్నే చూశాను."

"మొగుడి పేరు తెలుసండి. ఏసుపాదం. మునసబు గారు పిలిచే పేరు తెలియదు."

బుల్లియ్య నవ్వు ఆగింది. మళ్ళీ తమలపాకు మడుచుకున్నాడు.

తెలియకపోవడానికి కారణం ఉంది. మేడిలంక మాలపల్లె బాప్తిస్మం తీసుకున్న రోజున ఒక కట్టుబాటు చేసుకున్నారు. పాత పేర్లు ఇక పలకకూడదు. కుక్కను పిలిచినట్టు పిలిచిన పేర్లు అవి. ఎవరైనా పొరపాటున పాత పేరు పలికితే పిడికెడు బియ్యం గుడి కుండలో వెయ్యాలి. మొదట్లో కుండ రోజూ నిండేదట. పిడికెడు బియ్యం అంటే ఆ ఇళ్ళలో ఒకరి కడుపు. అందుకే నాలుకలు తొందరగా నేర్చుకున్నాయి. తర్వాత కాపరానికి వచ్చిన కోడళ్ళకు, పుట్టిన పిల్లలకు పాత పేర్లు తెలియనే తెలియవు. మంచి కట్టుబాటే. తమ నోటికి తామే కాపలా పెట్టుకున్నారు. కాని కచేరీ కట్టల్లో మాత్రం పాత పేర్లే ఉన్నాయి. వాటికి ఎవరూ బాప్తిస్మం ఇవ్వలేదు.

సంపూర్ణమ్మ సబ్జైలు కిటికీ దగ్గరకు పోయింది. కాపలావాడికి ఏదో ముట్టజెప్పింది. ఏసుపాదం ఊచల దగ్గరకు వచ్చాడు. పెదవి చీలి ఉంది.

"ఎవరు కొట్టారు?"

"పాత పేరు పెట్టి పిలిచారు. పలకలేదు."

"ఆ పేరు నాకు కావాలి మావా. అర్జీలో రాయాలి."

"చెప్పను."

"చెప్పకపోతే కాగితం దొరకదు."

"దొరక్కపోతే మంచిది. అందులో నేను దొంగనని ఉంటుంది. డబ్బు పోసి కొనుక్కొచ్చి గోడకు అంటిస్తావా?"

"దొంగతనం చేశావా?"

"లేదు."

"మరి కాగితంలో ఏముందో నీకెలా తెలుసు?"

"నా కాళ్ళకు తెలుసు."

"నీ కాళ్ళకు చదువొచ్చా?" అంది సంపూర్ణమ్మ. "ఆ రోజు మేజిస్ట్రేటు ఏమన్నాడు? చెప్పు."

"ఇంగ్లీషులో ఏదో చదివాడు. బంట్రోతు మెడ పట్టుకుని బయటికి తోశాడు. బయట మునసబు గారి మనుషులు ఉన్నారు. చేతులు కట్టి ఊరికి తీసుకొచ్చి బొండలో వేశారు. ఇంకేం అనుంటాడు? బొండలో వెయ్యమనే అనుంటాడు."

"అనుంటాడా, అన్నాడా?"

కాపలావాడు కర్ర చప్పుడు చేశాడు. ఆమె వచ్చేసింది.

ఇంటికి వచ్చి వీరమ్మను అడిగితే వీరమ్మా చెప్పలేదు. చెవులు మూసుకుంది. "ఆ కట్టలు కదపకే. కదిపితే లోపల్నుంచి పాములొస్తాయి."

"నీ కొడుకు వరిపనలు ఎత్తుకొచ్చాడా అత్తా?"

"వాడు చెయ్యలేదంటాడు."

"నువ్వేమంటావు?"

ఆ రాత్రి ఇద్దరూ మాట్లాడుకోకుండా పడుకున్నారు. ఇంట్లో ఇంతకంటే పెద్ద గొడవ ఉండదు.

ఆదివారం గుళ్ళో అబ్రహాము పంతులు ఓర్పు గురించి చెప్తున్నాడు. వీరమ్మ మధ్యలో లేచింది. చంకలో చేట ఉంది. చేటలో బియ్యం. ఇంట్లో ఉన్న బియ్యం అంతా. నడిచి వెళ్ళి కుండలో పోసింది. నిండి కింద పడ్డాయి.

"ఇదుగో బియ్యం," అంది. "ఇవాళ నేను పాత పేరు పలుకుతాను. ఎన్నిసార్లు పలికినా సరిపోవాలని అంతా తెచ్చాను. నా కొడుకు పోలిగాడు. పోలేరమ్మకు మొక్కుకుంటే పుట్టాడని పోలిగాడు. గంటయ్య కొడుకు పోలిగాడు. వాడు దొంగో కాదో నాకు తెలియదు. తెలియక ఇన్నేళ్ళు చచ్చాను. నా కోడలు తెలుసుకొస్తానంటోంది. దానికి పేరు కావాలి. పోలిగాడు! వినబడిందా అందరికీ? పోలిగాడు!"

పంతులు నోరు తెరిచి మళ్ళీ మూశాడు. వెనక వరసలోంచి చిట్టియ్య అనే ముసలాయన లేచి, "ఆ పనలు పోయినప్పుడు నన్నూ పట్టుకోబోయారు. నేను దాక్కున్నాను," అన్నాడు. ఇంకేం అనలేక కూచున్నాడు.

సోమవారం సంపూర్ణమ్మ కొత్త అర్జీతో కచేరీ మెట్ల ముందు నుంచుంది. ఈసారి వీరమ్మ కూడా వచ్చింది. సబ్జైలు కిటికీలోంచి ఏసుపాదం సంతకం పెట్టి ఇచ్చాడు. పై పేరు ఎవరిదైనా రాసుకోండి, సంతకం మాత్రం నా పేరుతోనే పెడతానని ఏసుపాదం అనే పెట్టాడు.

గున్నేశ్వరరావు చూశాడు. "కేసు పోలిగాడిది. సంతకం ఏసుపాదానిది. ముద్దాయి కానివాడికి నకలు ఇవ్వం. పో."

"ఏసుపాదం వేరు, పోలిగాడు వేరు అంటారా బాబూ?"

"వేరే కదే మరి!"

"అయితే అలాగే రాసివ్వండి. పోలిగాడి శిక్షకు ఏసుపాదాన్ని కొట్లో ఎందుకు పెట్టారో మేజిస్ట్రేటు గారినే అడుగుతాను."

బల్ల చుట్టూ ఉన్న గుమాస్తాల్లో ఒకడు దగ్గు వచ్చినట్టు నటించాడు. గున్నేశ్వరరావు ముఖం ఎర్రబడింది. అర్జీ లోపల పెట్టాడు. "రేపు రా."

రేపు వచ్చింది. "కేసు ఏ సంవత్సరమో, నంబరేంటో తెలియకుండా వెతకడం ఎలా?" అన్నాడు. మునసబు గారి రిపోర్టులో సంవత్సరం రాసే ఉంటుంది కదండీ అని వీరమ్మ అంది. నిజమే, ఉంది. మర్నాడు కట్ట వెతకడానికి మనిషి లేడన్నాడు. ఆ తర్వాత ఒకరోజు చేతులు దులుపుకుంటూ వచ్చి, "చెదలు తినేశాయి. మీ అదృష్టం," అన్నాడు.

"తినేశాయని రాసివ్వండి."

"ఏమే, నీకు వేరే మాట రాదా?"

"వస్తాయి బాబూ. అవి మీరు వినలేరు."

బంట్రోతు కర్ర ఎత్తాడు. సంపూర్ణమ్మ కదల్లేదు. మేజిస్ట్రేటు గుర్రబ్బండి ఆగే చోటికి పోయి, అక్కడ మట్టిలో కూచుంది. వడగాలి కొడుతోంది. వీరమ్మ కొంగు తడిపి కోడలి నెత్తిన వేసింది. మర్నాడూ అక్కడే. ఆ మర్నాడూ అక్కడే. బండివాడు గుర్రాన్ని పక్కకు తిప్పుకుని పోయేవాడు. చివరికి ఒకనాడు మేజిస్ట్రేటు బండి దిగుతూ, "ఏంటి వీళ్ళు?" అన్నాడు.

ఆమె లేచింది. "నకలు అడిగానండి. చెదలు తిన్నాయంటున్నారు. తిన్నాయని రాసివ్వమంటే రాసివ్వడం లేదండి."

మేజిస్ట్రేటు గున్నేశ్వరరావు వైపు చూశాడు. నోటి చెదలకూ, కాగితం మీద చెదలకూ తేడా ఉంది. సర్కారు రికార్డు చెదలు తిన్నదని రాస్తే, ఎవరి చేతిలో తిన్నదని పైవాళ్ళు అడుగుతారు. గున్నేశ్వరరావు రెండు చేతులూ నులుముకుంటూ, "ఎవరన్నారండీ, దొరికింది. నకలు తయారవుతోందండి," అన్నాడు.

మర్నాడు ఇచ్చాడు. మెట్టు మీద పెట్టి, "చదువుకో," అని నవ్వాడు. ఇంగ్లీషులో ఉంది. అందుకే ఆ నవ్వు.

బుల్లియ్య పందిరి కింద అత్తాకోడళ్ళిద్దరూ చేరారు. బుల్లియ్య కాగితం తీసుకున్నాడు. కర్రతో కాదు, చేత్తోనే తీసుకున్నాడు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. మొదట తనలో తను చదువుకున్నాడు. మళ్ళీ మొదటికి వచ్చాడు.

"చెప్పండి. శిక్షేనా?" అంది వీరమ్మ. కళ్ళు మూసుకునే అడిగింది.

"ఫిర్యాది పనలు ఎవరు ఎత్తుకుపోయారో తాను చూడలేదని ఒప్పుకున్నాడు. సాక్షి రాలేదు. ముద్దాయి ఇంట్లో ఏమీ దొరకలేదు. నేరం రుజువు కానందువల్ల ముద్దాయి పోలిగాణ్ణి విడిచిపెట్టడమైనది." బుల్లియ్య కాగితం దించాడు. "విడుదల అమ్మా. వెంటనే విడుదల అని ఉంది."

"బొండ సంగతి చదవండి," అంది సంపూర్ణమ్మ.

"బొండ మాటే లేదు."

"మళ్ళీ చూడండి."

"నాలుగు వరసలు అమ్మీ. నాలుగు వరసల్లో బొండ ఎక్కడ దాస్తాను? మేజిస్ట్రేటు విడిచిపెట్టాడు. బయట మీ మునసబు పట్టుకున్నాడు. కచేరీ విడిచిపెట్టినవాడికి మళ్ళీ శిక్ష వేసే హక్కు మునసబుకు లేదు. అంతే."

వీరమ్మ కూలబడిపోలేదు. ఏడవలేదు. "ఇన్నేళ్ళు ఆయన దొడ్లో పేడ ఎత్తాను," అంది. "నా కొడుకు దొంగతనం క్షమించమని. కూలి తీసుకోకుండా. రోజూ తెల్లారి లేచి." అంతవరకే అంది. మర్నాడు పల్లంరాజు గారి దొడ్లో పేడ ఎత్తేవాళ్ళు లేరు. ఎందుకు రాలేదని కబురు వస్తే, "కచేరీలో ఉంది, చదువుకోమనండి," అని జవాబు పంపింది.

ఏసుపాదానికి ఊచల్లోంచి ఆ నాలుగు వరసలూ తెలుగులో చెప్పింది సంపూర్ణమ్మ. అతను తన కాళ్ళకేసి చూసుకున్నాడు. చీలమండల మీద పాత మచ్చలున్నాయి. "విడిచిపెట్టాడా?" అన్నాడు. "నన్ను విడిచిపెట్టాడా? నేను ఇంటికి పోవచ్చా ఆ రోజు?" నాలాంటివాడికి ఆ ప్రశ్న వింటే ఒళ్ళు మండిపోతుంది. తలుపు తీసి ఉన్న కొట్లో మనిషిని ఏళ్ళతరబడి కూచోబెట్టారు, తలుపు తీసి ఉందని చెప్పకుండా.

విచారణ రోజున మాలపల్లె మొత్తం వచ్చింది. ఈసారి మగవాళ్ళు కూడా. అబ్రహాము పంతులు తెల్లటి కోటు వేసుకుని అందరికంటే ముందు నుంచున్నాడు. దానికీ నాకేం అభ్యంతరం లేదు.

పల్లంరాజు గారికి కుర్చీ వేశారు. ఏసుపాదాన్ని తీసుకొచ్చారు. "పోలిగాడు!" అని బంట్రోతు కేకేశాడు. ఏసుపాదం పలకలేదు. ఇంకోసారి కేకేశాడు. పలకలేదు.

"నీ పేరు?" అన్నాడు మేజిస్ట్రేటు.

"ఏసుపాదమండి."

"లోగడ పోలిగాడంటే నువ్వేనా?"

"అలా పిలిచేవారండి. ఇప్పుడు పలకనండి."

నకలు మేజిస్ట్రేటు చేతికి ఇచ్చారు. చదివాడు. పల్లంరాజు గారి వైపు తిరిగి, "ఇతనికి శిక్ష పడిందని రాశారు. ఇక్కడ విడుదల అని ఉంది," అన్నాడు.

"శిక్ష పడలేదంటారేంటండీ!" పల్లంరాజు గారికి నిజంగానే కోపం వచ్చింది. "ఊరంతా చూశారండి. చావడి ముందు బొండలో పొద్దు గూకేదాకా పడున్నాడు. ఎవరినైనా అడగండి."

"ఎవరి ఉత్తర్వు మీద?"

అప్పుడు ఆగాడు. ఆగాక కూడా ఏం తప్పు మాట్లాడాడో అర్థమైనట్టు లేదు. "ఉత్తర్వంటే... ఆచారమండి. మీరు విడిచిపెట్టినవాణ్ణి మేం ఊరికే వదిలేస్తే, ఊళ్ళో భయం ఉండదు కదండి."

జనంలో ఎవరో పెద్దగా నవ్వారు. బంట్రోతు గదమాయించాడు. మేజిస్ట్రేటు చాలాసేపు రాసుకున్నాడు. జామీను అక్కర్లేదు, ఏసుపాదాన్ని వదిలెయ్యమన్నాడు. పల్లంరాజు గారికి "ఇకమీద జాగ్రత్త" అని ఒక ముక్క చెప్పాడు. అంతే. ఒక ముక్క. ఏసుపాదానికి బొండ పడితే మునసబుకు ముక్క పడింది. ఇదీ తూకం. పల్లంరాజు గారు కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. మునసబు గిరీ పోలేదు. అది తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఉద్యోగం.

బయట పంతులు పాట ఎత్తుకున్నాడు. చిట్టియ్య ఏసుపాదాన్ని కౌగలించుకున్నాడు. సంపూర్ణమ్మ మాత్రం లోపలికి చూస్తోంది.

"నా కాగితం ఏదండి?" అంది.

"దాఖలైంది," అన్నాడు గున్నేశ్వరరావు. "సాక్ష్యంగా పెట్టిన కాగితం కేసు కట్టలోనే ఉంటుంది. వెనక్కి ఇవ్వం."

"అది నేను కొనుక్కున్న కాగితం."

"కట్టలోకి పోయింది. గెలిచావు కదే తల్లీ, ఇంటికి పో! ఇంకేం కావాలి?"

ఏసుపాదం వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "రా, పోదాం. అయిపోయింది."

"ఏం అయిపోయింది?" సంపూర్ణమ్మ చెయ్యి విడిపించుకుంది. "రేపు ఈ మేజిస్ట్రేటు మారతాడు. మునసబు మారడు. మళ్ళీ ఎప్పుడో పాత దొంగ అని రాస్తాడు. అప్పుడు ఈ బాబు మళ్ళీ చెదలంటాడు. వాళ్ళ కట్టలో ఉన్నది వాళ్ళ కాగితం. మన ఇంట్లో ఒకటి ఉండాలి. నువ్వు పో. నేను వస్తాను."

బుల్లియ్య పందిరి కిందినుంచే అరిచాడు. "ఇంకో స్టాంపు కాగితం తియ్యమంటావా అమ్మీ?"

"రెండు తియ్యండి. ఇవాళ్టి తీర్పుకు కూడా."

ఏసుపాదం కాసేపు అక్కడే నుంచున్నాడు. తర్వాత మెట్ల దగ్గరకు నడిచాడు. మెట్టు దగ్గర ఆగలేదు. మొదటి మెట్టు ఎక్కాడు. రెండోది ఎక్కాడు. బంట్రోతు కర్ర తీసుకుని లేచాడు గాని, వెనక మాలపల్లె అంతా ఉంది. వాళ్ళు పాడటం ఆపి చూస్తున్నారు. బంట్రోతు మళ్ళీ కూచున్నాడు.

"ఏంటి?" అన్నాడు గున్నేశ్వరరావు.

"నకలు కావాలండి."

"ఎవరిది?"

"నాదే. గంటయ్య కొడుకు పోలిగాడు అని మీరు రాసుకున్నారు. విడిచిపెట్టిన కేసు." ఎవరూ అడగకుండా, ఎవరూ కొట్టకుండా తన నోటితోనే చెప్పాడు. "వెతకండి. ఇప్పుడు ఏ కట్టలో ఉందో మీకు తెలుసు కదండి."

"ఇవాళ కుదరదు. రేపు రా."

"రేపూ వస్తాం," అంది సంపూర్ణమ్మ వెనకనుంచి. "ఇవాళ కుదరదని మాత్రం రాసివ్వండి."